ఏ.టి.వి. క్లచ్, కార్బురేటర్ సర్దుబాటు

ఆల్ టెరైన్ వెహికల్ లేదా క్లుప్తంగా ఏ.టి.వి. అనగా ఇసుక, బురద, రాళ్ళు, మంచు వంటి అన్ని రకాల నేలలపై నడపడానికి తయారుచేసిన చిన్న వాహనం. దీనికి సాధారణంగా నాలుగు చక్రాలు, తక్కువ గాలి ఒత్తిడి గల వెడల్పాటి టైర్లు, మోటారు సైకిలు వంటి హ్యాండిలు, జీను వంటి సీటు ఉంటాయి. వాహనం తిరిగే ప్రదేశపు ఎత్తు, ఉష్ణోగ్రత, నేల స్వభావం, మోసే బరువు మారినప్పుడు దాని కార్బురేటర్‌లోని జెట్‌లను, సూదిని, మరలను, అలాగే క్లచ్‌లోని బరువులను, స్ప్రింగులను తదనుగుణంగా మార్చడాన్ని సర్దుబాటు లేదా ట్యూనింగ్ అంటారు.

ఈ రెండు సర్దుబాట్లు వేరువేరు పనులుగా కనిపించినా ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి. ఇంజను ఎంత శక్తి ఇవ్వగలదో కార్బురేటర్ నిర్ణయిస్తుంది. ఆ శక్తి ఏ వేగం వద్ద చక్రాలకు చేరాలో క్లచ్ నిర్ణయిస్తుంది. అందువలన ముందు కార్బురేటర్‌ను, తరువాత క్లచ్‌ను సరిచేయడం సరైన క్రమం. ఈ పనిలో పొరపాటు జరిగితే బెల్టు కాలిపోవడం, పిస్టన్ కరిగిపోవడం, జనసంచారం లేని కొండల్లో వాహనం ఆగిపోవడం వంటి నష్టాలు కలుగుతాయి.

నేపథ్యం

హోండా సంస్థ 1970లో అమెరికా విపణిలో ప్రవేశపెట్టిన మూడు చక్రాల వాహనంతో నేటి ఏ.టి.వి.ల చరిత్ర మొదలైంది. మొదట యు.ఎస్.90 అనే పేరుతో వచ్చిన ఈ వాహనం తరువాత ఏ.టి.సి.90గా ప్రసిద్ధి చెందింది. సుజుకి సంస్థ 1982లో క్వాడ్‌రన్నర్ ఎల్.టి.125 పేరుతో నాలుగు చక్రాల వాహనాన్ని తెచ్చింది. మూడు చక్రాల వాహనాలు సులభంగా బోల్తాపడి అనేక ప్రమాదాలకు కారణం కావడంతో, 1988లో అమెరికా ప్రభుత్వానికి, తయారీదారులకు మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం వాటి అమ్మకాలు నిలిచిపోయాయి.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రానికి చెందిన పొలారిస్ సంస్థ 1985లో ట్రైల్ బాస్ అనే ఏ.టి.వి.ని విడుదల చేసింది. అప్పటికే మంచుపై నడిచే స్నోమొబైల్ వాహనాలను తయారుచేస్తున్న ఈ సంస్థ, వాటిలో వాడే బెల్టు క్లచ్‌ను ఏ.టి.వి.లో కూడా అమర్చింది. అంతకుముందే, 1958లో, నెదర్లాండ్స్‌కు చెందిన డాఫ్ సంస్థ వేరియోమాటిక్ పేరుతో ఇటువంటి బెల్టు విధానాన్ని కారులో ప్రవేశపెట్టింది. కాలక్రమంలో యమహా, సుజుకి, ఆర్కిటిక్ క్యాట్ మొదలైన సంస్థల ఏ.టి.వి.లలో కూడా ఈ విధానం వ్యాపించింది. హోండా మాత్రం ఎక్కువ నమూనాలలో పళ్ళచక్రాల గేర్లనే కొనసాగించింది.

కార్బురేటర్ పనిచేయు విధానం

ఇంజనులోని పిస్టన్ కిందికి దిగినప్పుడు గాలి కార్బురేటర్ గుండా లోపలికి వస్తుంది. కార్బురేటర్ మధ్యభాగం సన్నగా ఉంటుంది. దీనిని వెంచురి అంటారు. ఈ ఇరుకు దారిలో గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. అడుగున ఉన్న తొట్టెలోని పెట్రోలు మీద బయటి వాతావరణ పీడనం ఉంటుంది. ఈ రెండు పీడనాల తేడా వలన పెట్రోలు జెట్ అనే సన్నని రంధ్రం గుండా పైకి ఎగసి గాలిలో తుంపరలుగా కలుస్తుంది. తొట్టెలో పెట్రోలు మట్టం ఎప్పుడూ ఒకేలా ఉండేటట్లు ఒక తేలుడు బిళ్ళ కాపాడుతుంది. దీనిని ఫ్లోట్ అంటారు.

గాలి, ఇంధన నిష్పత్తి

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. అత్యధిక శక్తి కోసం గాలి ఇంతకంటే కొంత తక్కువగా, అనగా ఒక గ్రాము పెట్రోలుకు 12.5 నుండి 13 గ్రాముల వరకు ఉండేటట్లు చూస్తారు. పెట్రోలు ఎక్కువగా ఉన్న మిశ్రమాన్ని చిక్కని మిశ్రమం అని, గాలి ఎక్కువగా ఉన్న మిశ్రమాన్ని పలుచని మిశ్రమం అని అనవచ్చు. మెకానిక్‌లు వీటినే రిచ్, లీన్ అని పిలుస్తారు.

చిక్కని మిశ్రమం వలన శక్తి తగ్గి, నల్లని పొగ వచ్చి, స్పార్క్ ప్లగ్గుకు మసి పడుతుంది. ఇది ఇబ్బందే కాని వెంటనే ఇంజనును పాడుచేయదు. పలుచని మిశ్రమం అంతకంటే ప్రమాదకరం. మిశ్రమంలో అదనంగా ఉన్న పెట్రోలు ఆవిరి అవుతూ సిలిండరును కొంత చల్లబరుస్తుంది. ఆ పెట్రోలు లేనప్పుడు, ముఖ్యంగా థ్రాటిల్ పూర్తిగా తెరిచి నడిపేటప్పుడు, పిస్టన్ అతిగా వేడెక్కుతుంది. స్వచ్ఛమైన అల్యూమినియం సుమారు 660 డిగ్రీల సెంటీగ్రేడ్ వద్ద కరుగుతుంది. సిలిండరులో మండే వాయువుల ఉష్ణోగ్రత 2,000 డిగ్రీలను దాటుతుంది. కనుక అల్యూమినియం మిశ్రలోహంతో చేసిన పిస్టన్‌కు రంధ్రం పడటానికి ఎక్కువ సమయం పట్టదు. రెండు స్ట్రోకుల ఇంజనులలో ఆయిలు పెట్రోలులోనే కలిసి ఉంటే, పెట్రోలు తగ్గినప్పుడు ఆయిలు కూడా తగ్గుతుంది. అందువలన వీటికి ప్రమాదం మరింత ఎక్కువ.

ముఖ్య భాగాలు

థ్రాటిల్ ఎంత తెరిచారన్నదాన్ని బట్టి కార్బురేటర్‌లోని వేరువేరు భాగాలు మిశ్రమాన్ని నిర్ణయిస్తాయి. వీటి మధ్య కచ్చితమైన సరిహద్దులు లేవు. ఒక భాగం ప్రభావం తగ్గుతుండగా మరొకదాని ప్రభావం పెరుగుతుంది.

* పైలట్ జెట్, పైలట్ మర: ఇంజను నిలకడగా తిరిగే దశ నుండి థ్రాటిల్ నాలుగో వంతు తెరిచే వరకు వీటి ప్రభావం ఉంటుంది.
* స్లైడు అంచు కోత: థ్రాటిల్‌ను ఎనిమిదో వంతు నుండి నాలుగో వంతు వరకు తెరిచినప్పుడు పనిచేస్తుంది.
* సూది: నాలుగో వంతు నుండి ముప్పాతిక వరకు పనిచేస్తుంది. మొనదేలిన ఈ సూది పైకి లేచేకొద్దీ పెట్రోలు దారి వెడల్పు అవుతుంది.
* మెయిన్ జెట్: ముప్పాతిక నుండి పూర్తి థ్రాటిల్ వరకు పెట్రోలును నియంత్రిస్తుంది.

ఒకే సంస్థ చేసిన ఒకే రకం జెట్‌లలో అంకె పెరిగినకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. అయితే మికుని, కెయిహిన్ సంస్థల అంకెల పద్ధతులు వేరు కనుక ఒకదాని అంకెను మరొకదానితో పోల్చరాదు. సూది తలభాగంలో సాధారణంగా కొన్ని గాళ్ళు, వాటిలో ఒకదానికి పట్టే క్లిప్పు ఉంటాయి. క్లిప్పును పై గాడికి మారిస్తే సూది కిందికి దిగి మిశ్రమం పలుచన అవుతుంది. కింది గాడికి మారిస్తే సూది పైకి లేచి మిశ్రమం చిక్కబడుతుంది.

పైలట్ మర రెండు రకాలు. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని నియంత్రించే మర. దానిని బయటికి తిప్పితే మిశ్రమం పలుచనవుతుంది. ఇంజను వైపు ఉంటే అది ఇంధన మిశ్రమాన్ని నియంత్రించే మర. దానిని బయటికి తిప్పితే మిశ్రమం చిక్కనవుతుంది. ఈ తేడా తెలియక వ్యతిరేక దిశలో తిప్పడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు.

గాలి సాంద్రత ప్రభావం

కార్బురేటర్ గాలిని ఘనపరిమాణంలో కొలుస్తుందే కాని బరువులో కొలవలేదు. పెట్రోలు మండటానికి కావలసినది గాలి బరువు. సర్దుబాటు అవసరమంతా ఈ తేడా నుండే పుడుతుంది. సముద్రమట్టం వద్ద, 15 డిగ్రీల సెంటీగ్రేడ్ ఉష్ణోగ్రతలో ఒక ఘనపు మీటరు గాలి బరువు 1.225 కిలోగ్రాములు. ప్రామాణిక వాతావరణం ప్రకారం ఎత్తు పెరిగినకొద్దీ ఇది ఈ విధంగా తగ్గుతుంది.

* 1,000 మీటర్లు: 1.112 కిలోగ్రాములు, అనగా 91 శాతం
* 2,000 మీటర్లు: 1.007 కిలోగ్రాములు, అనగా 82 శాతం
* 3,000 మీటర్లు: 0.909 కిలోగ్రాములు, అనగా 74 శాతం
* 4,000 మీటర్లు: 0.819 కిలోగ్రాములు, అనగా 67 శాతం

గాలి పలుచబడినప్పుడు పెట్రోలు కూడా కొంత తగ్గుతుంది కాని అదే నిష్పత్తిలో తగ్గదు. గాలి బరువు సాంద్రతకు అనులోమంగా తగ్గుతుండగా, జెట్ గుండా వచ్చే పెట్రోలు సాంద్రత వర్గమూలానికి అనులోమంగా తగ్గుతుంది. కనుక 3,000 మీటర్ల ఎత్తులో గాలి 74 శాతానికి తగ్గితే పెట్రోలు 86 శాతానికే తగ్గుతుంది. దీనివలన మిశ్రమం సుమారు 16 శాతం చిక్కబడుతుంది. సముద్రమట్టం వద్ద 13 ఉన్న గాలి నిష్పత్తి అక్కడ సుమారు 11.2కు పడిపోతుంది. దీన్ని సరిచేయడానికి జెట్ రంధ్రం వైశాల్యాన్ని సుమారు 14 శాతం తగ్గించాలి.

ఉష్ణోగ్రత ప్రభావం కూడా ఇటువంటిదే. 40 డిగ్రీల వేసవి గాలితో పోల్చితే, అదే పీడనం వద్ద మైనస్ 20 డిగ్రీల శీతాకాలపు గాలి సుమారు 24 శాతం బరువుగా ఉంటుంది. కనుక వేసవిలో సరిగా ఉన్న మిశ్రమం గడ్డకట్టే చలిలో ప్రమాదకరంగా పలుచబడవచ్చు. గాలిలో తేమ పెరిగితే ఆక్సిజను కొద్దిగా తగ్గి మిశ్రమం స్వల్పంగా చిక్కబడుతుంది.

జెట్‌ను మార్చడం వలన మిశ్రమం సరి అవుతుందే కాని పోయిన శక్తి తిరిగి రాదు. సిలిండరులోకి వచ్చే గాలి తగ్గినందువలన ఇంజను శక్తి ప్రతి 300 మీటర్లకు సుమారు 3 శాతం చొప్పున తగ్గుతుంది. మిగిలిన శక్తిని సరిగా వాడుకొనే బాధ్యత క్లచ్‌ది.

సి.వి.టి. క్లచ్ పనిచేయు విధానం

ఏ.టి.వి.లలో క్లచ్ అని పిలిచేది చాలావరకు సి.వి.టి. అనే నిరంతర గేరు విధానం. ఇందులో రెండు పుల్లీలు, వాటిని కలిపే రబ్బరు బెల్టు ఉంటాయి. ఒక్కొక్క పుల్లీ ఎదురెదురుగా ఉన్న రెండు శంకువు ఆకారపు పళ్ళేలతో తయారవుతుంది. పళ్ళేలు దగ్గరకు జరిగితే బెల్టు అంచు వైపుకు, దూరం జరిగితే మధ్య ఇరుసు వైపుకు కదులుతుంది. ఈ విధంగా గేరు నిష్పత్తి మెట్లు లేకుండా మారుతుంది.

ఇంజనుకు అమర్చిన దానిని ప్రైమరీ క్లచ్ అంటారు. ఇందులో బరువులు, ఒక స్ప్రింగు ఉంటాయి. ఇంజను వేగం పెరిగినప్పుడు అపకేంద్ర బలం వలన బరువులు బయటికి విచ్చుకొని పళ్ళేలను దగ్గరకు నొక్కుతాయి. స్ప్రింగు వాటిని దూరంగా తోస్తుంది. గేరు పెట్టె వైపు ఉన్నది సెకండరీ క్లచ్. ఇందులో ఒక స్ప్రింగు, హెలిక్స్ అనే వాలు మెట్ట ఉంటాయి. చక్రాలపై భారం పెరిగినప్పుడు హెలిక్స్ పళ్ళేలను దగ్గరకు బిగించి బెల్టును అంచు వైపుకు తోస్తుంది. అప్పుడు వాహనం దానంతట అదే తక్కువ గేరుకు మారుతుంది.

ఈ భాగాలను మార్చినప్పుడు కలిగే ఫలితాలు ఇవి.

* తేలిక బరువులు: ఇంజను వేగం పెరుగుతుంది. గేరు ఆలస్యంగా మారుతుంది.
* భారీ బరువులు: ఇంజను వేగం తగ్గుతుంది. గేరు త్వరగా మారుతుంది.
* గట్టి ప్రైమరీ స్ప్రింగు: బెల్టును పట్టుకొనే వేగం, పూర్తి థ్రాటిల్ వద్ద ఇంజను వేగం రెండూ పెరుగుతాయి.
* గట్టి సెకండరీ స్ప్రింగు: బెల్టుపై పట్టు పెరుగుతుంది. తక్కువ గేరుకు త్వరగా వస్తుంది.
* తక్కువ కోణం గల హెలిక్స్: భారం పడినప్పుడు తక్కువ గేరుకు త్వరగా వస్తుంది.
* ఎక్కువ కోణం గల హెలిక్స్: పై గేరుకు త్వరగా మారుతుంది. బెల్టుపై పట్టు కొంత తగ్గుతుంది.

అపకేంద్ర బలం వేగం వర్గానికి అనులోమంగా ఉంటుంది. ఇంజను 6,000 చుట్ల నుండి 6,300 చుట్లకు చేరితే, అనగా వేగం 5 శాతం పెరిగితే, బలం సుమారు 10 శాతం పెరుగుతుంది. ఉదాహరణకు 6,000 చుట్ల వద్ద 50 గ్రాముల బరువు ఇచ్చే బలాన్ని 6,300 చుట్ల వద్ద సుమారు 45.4 గ్రాముల బరువే ఇస్తుంది. కనుక ఇంజను వేగం 300 చుట్లు పెరగాలంటే, ఇతర అంశాలు మారనప్పుడు, ఒక్కొక్క బరువును సుమారు నాలుగున్నర గ్రాములు తగ్గించాలి.

పొలారిస్ వంటి వాహనాలలో బరువులు కీలుపై ఊగే చేతుల రూపంలో ఉంటాయి. యమహా, సుజుకి వాహనాలలో వాలుపై దొర్లే గుండ్రని రోలర్లు ఉంటాయి. సూత్రం రెండింటిలో ఒకటే. యమహా బనషీ, హోండా టి.ఆర్.ఎక్స్.400 వంటి పందెపు తరహా వాహనాలలో బెల్టు లేదు. వాటిలో మోటారు సైకిలు తరహా పళ్ళెముల క్లచ్ ఉంటుంది. అక్కడ పరిస్థితులను బట్టి మార్చేది గొలుసుకు అమర్చిన ముందు, వెనుక పళ్ళచక్రాలను.

సర్దుబాటు క్రమం

ముందుగా చూడవలసినవి

జెట్‌లను మార్చక ముందు వాహనం మంచి స్థితిలో ఉన్నదో లేదో చూడాలి. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే మిశ్రమం చిక్కబడుతుంది. కార్బురేటర్‌ను ఇంజనుకు కలిపే రబ్బరు గొట్టం పగిలితే అదనపు గాలి చేరి మిశ్రమం పలుచబడుతుంది. నిలవ పెట్రోలు, మట్టం తప్పిన ఫ్లోట్, అరిగిన బెల్టు కూడా తప్పుదారి పట్టిస్తాయి. లోపం ఉన్న వాహనాన్ని జెట్‌లతో సరిచేయబోతే రెండు తప్పులు మిగులుతాయి. ఎయిర్ ఫిల్టర్ పెట్టెను గాని సైలెన్సర్‌ను గాని మార్చినవారు కంపెనీ ఇచ్చిన జెట్ పట్టికను ఉన్నది ఉన్నట్లు వాడరాదు. ఎందుకనగా గాలి ప్రవాహం అప్పటికే మారిపోయి ఉంటుంది.

కార్బురేటర్

ఇంజను పూర్తిగా వేడెక్కిన తరువాత పరీక్ష మొదలుపెట్టాలి. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి, తేదీ, ఎత్తు, ఉష్ణోగ్రతలతో సహా దానిని పుస్తకంలో రాసుకోవాలి. సాధారణంగా మెయిన్ జెట్, సూది, పైలట్ అనే వరుసలో పని సాగుతుంది. బొటనవేలితో నొక్కే థ్రాటిల్ మీట వద్ద పావు, అర, ముప్పావు గుర్తులు పెట్టుకుంటే లోపం ఏ భాగంలో ఉన్నదో గుర్తించడం సులభం.

మెయిన్ జెట్‌ను ఎప్పుడూ పెద్ద అంకెతో మొదలుపెట్టి చిన్న అంకె వైపుకు రావాలి. ఈ విధంగా చేస్తే పొరపాటు జరిగినా మిశ్రమం చిక్కని వైపే ఉంటుంది. కొత్త స్పార్క్ ప్లగ్గు వేసి, పూర్తి థ్రాటిల్‌తో కొంత దూరం నడిపి, ఒక్కసారిగా ఇంజను ఆపి ప్లగ్గును పరీక్షిస్తారు. పింగాణీ భాగం లేత గోధుమ రంగులో ఉంటే మిశ్రమం సరిగా ఉన్నట్లు. తెల్లగా ఉంటే పలుచని మిశ్రమం, నల్లని మసి ఉంటే చిక్కని మిశ్రమం.

థ్రాటిల్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటప పేలడం, ఇంజను వేగం వెంటనే దిగకపోవడం, చోక్ కొద్దిగా వేస్తే ఇంజను మెరుగుపడటం పలుచని మిశ్రమానికి గుర్తులు. మందకొడిగా తడబడటం, పెట్రోలు వాసన, వేడెక్కినకొద్దీ ఇంకా అధ్వాన్నంగా నడవడం చిక్కని మిశ్రమానికి గుర్తులు.

క్లచ్

మిశ్రమం సరి అయిన తరువాత, ఇంజను ఏ వేగం వద్ద అత్యధిక శక్తి ఇస్తుందో తయారీదారు పుస్తకంలో చూడాలి. పూర్తి థ్రాటిల్‌తో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను చుట్ల మీటరు ఆ అంకె వద్ద నిలకడగా ఉండటమే సరైన సర్దుబాటు. అంకె తక్కువగా ఉంటే బరువులు తగ్గించాలి. ఎక్కువగా ఉంటే పెంచాలి. బరువులను ఎప్పుడూ పూర్తి జతగా మార్చాలి. ఒక్కటి తేడాగా ఉన్నా క్లచ్ సమతూకం తప్పి అదురుతుంది.

మిశ్రమం చిక్కగా ఉన్నప్పుడు కూడా ఇంజను వేగం తగ్గుతుంది. కార్బురేటర్‌ను వదిలి ముందుగా బరువులు తగ్గించినవారికి వేగం పెరిగినట్లు కనిపించినా శక్తి పెరగదు. తరువాత జెట్‌ను సరిచేసినప్పుడు ఇంజను హద్దు దాటి తిరుగుతుంది. ముందు కార్బురేటర్, తరువాత క్లచ్ అనే నియమానికి కారణం ఇదే.

వివిధ పరిస్థితులకు అనుగుణమైన మార్పులు

ఇసుక దిబ్బలు

మెత్తని ఇసుక చక్రాలను నిరంతరం పట్టి లాగుతుంది. వాహనం ఎక్కువ సమయం పూర్తి థ్రాటిల్‌పై నడుస్తుంది. కనుక మెయిన్ జెట్ ఏమాత్రం పలుచని వైపు ఉండరాదు. ఇంజను వేగం పడిపోకుండా తేలిక బరువులు, గట్టి సెకండరీ స్ప్రింగు వాడతారు.

బురద, నీరు

ఇక్కడ తక్కువ థ్రాటిల్ వద్ద నిలకడైన లాగుడు ముఖ్యం. కనుక పైలట్, సూది సర్దుబాట్లకు ప్రాధాన్యం ఎక్కువ. తక్కువ కోణపు హెలిక్స్, గట్టి సెకండరీ స్ప్రింగు బెల్టు జారకుండా కాపాడతాయి. బెల్టు పెట్టెలోకి నీరు చేరితే బెల్టు జారుతుంది. అప్పుడు నీటిని తీసివేసి, గేరును న్యూట్రల్‌లో ఉంచి ఇంజను వేగాన్ని కొద్దిసేపు పెంచి తగ్గిస్తే బెల్టు ఆరుతుంది.

బరువు లాగుట, పెద్ద టైర్లు

25 అంగుళాల టైర్లకు బదులు 27 అంగుళాల టైర్లు వేస్తే గేరు నిష్పత్తి 8 శాతం మేర బరువెక్కుతుంది. దీనికి తేలిక బరువులు అవసరమవుతాయి. బండిని వెనుక కట్టుకొని నెమ్మదిగా లాగేటప్పుడు తక్కువ శ్రేణి గేరును తప్పక వాడాలి. హై గేరులో నెమ్మదిగా లాగితే బెల్టు ఒకేచోట జారి అక్కడ కాలి నొక్కుకుపోతుంది.

మంచు, చలి

చల్లని గాలి బరువుగా ఉంటుంది కనుక పెద్ద మెయిన్ జెట్ అవసరం. కొన్ని వాతావరణాలలో గాలిలోని తేమ కార్బురేటర్ లోపలే మంచుగా గడ్డకట్టి స్లైడు తెరుచుకొనే ఉండిపోవచ్చు. అటువంటి చోట బయలుదేరే ముందు ఇంజను ఆపు బటన్ పనిచేస్తున్నదో లేదో తప్పక చూసుకోవాలి.

ఎత్తయిన కొండలు

ఎత్తు పెరిగినకొద్దీ చిన్న మెయిన్ జెట్, కిందికి దించిన సూది, తేలిక బరువులు అవసరమవుతాయి. పొర ఆధారంగా స్లైడు కదిలే రకం కార్బురేటర్లు ఈ మార్పును కొంతవరకు తమంతట తామే సర్దుకుంటాయి. స్లైడుకు నేరుగా తీగ కట్టిన రకం అలా సర్దుకోలేదు.

ఒక ఉదాహరణ

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రపు ఆగ్నేయ మూలన ఉన్న ఇంపీరియల్ ఇసుక దిబ్బలు సముద్రమట్టానికి దాదాపు సమీపంలో ఉన్నాయి. కొలరాడో రాష్ట్రంలోని సాన్ హువాన్ పర్వతాలలో గల ఆల్పైన్ లూప్ అనే కొండదారి ఇంజనీర్ పాస్ వద్ద సుమారు 3,900 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఇసుక దిబ్బలకు సర్దిన వాహనాన్ని మార్పు లేకుండా ఈ కొండదారికి తీసుకువెళితే, అక్కడి గాలి సాంద్రత 68 శాతమే కనుక మిశ్రమం సుమారు 22 శాతం చిక్కబడుతుంది. వాహనం తడబడుతుంది, ప్లగ్గు మసిబారుతుంది, క్లచ్ ముందుగానే పై గేరుకు మారి ఇంజనును అణచివేస్తుంది. అయినా వాహనం పాడుకాదు.

ప్రమాదం తిరుగు ప్రయాణంలో ఉంది. కొండ కోసం చిన్న జెట్ వేసుకొని, అది మరచిపోయి మళ్ళీ ఇసుక దిబ్బలపై పూర్తి థ్రాటిల్‌తో నడిపితే, 13 ఉండవలసిన గాలి నిష్పత్తి 15.8 వరకు పోతుంది. ఇది పిస్టన్‌ను కరిగించగల స్థితి. తేలిక బరువుల వలన ఇంజను హద్దు దాటి తిరగడం దీనికి తోడవుతుంది. కొలరాడో వంటి పర్వత రాష్ట్రాలలో అమ్మే 85 ఆక్టేన్ పెట్రోలు ఎత్తయిన చోట సరిపోయినా, కిందికి దిగిన తరువాత అదే పెట్రోలుతో నడిపితే ఇంజను కొట్టుకొనే అవకాశం ఎక్కువ. అందువలన అనుభవజ్ఞులు మార్చిన జెట్ అంకెను ఒక చీటీపై రాసి హ్యాండిలుకు కట్టుకుంటారు. రోజంతా ఎత్తుపల్లాలు మారే దారిలో అతి తక్కువ ఎత్తుకు సరిపడే జెట్‌నే ఉంచుకోవడం క్షేమం.

భద్రత

* ప్రైమరీ క్లచ్ స్ప్రింగు నొక్కబడి ఉంటుంది. తగిన పనిముట్టు లేకుండా విప్పితే మూత ఎగిరి గాయపరుస్తుంది.
* బెల్టు మూత లేకుండా ఇంజను నడపరాదు. తెగిన బెల్టు ముక్కలు వేగంగా బయటికి వస్తాయి.
* పాత నమూనాల సి.వి.టి.లో థ్రాటిల్ పూర్తిగా వదిలితే బెల్టు వదులై ఇంజను బ్రేకింగ్ పోతుంది. గట్టి ప్రైమరీ స్ప్రింగు వేస్తే ఇది ఇంకా ముందుగానే జరుగుతుంది. నిట్రమైన దిగుడులో ఇది ప్రాణాపాయం. ఒకవైపు మాత్రమే తిరిగే బేరింగు గల నమూనాలలో ఈ సమస్య తక్కువ.
* జెట్ మార్చే ముందు పెట్రోలు కుళాయి కట్టివేసి, వేడి చల్లారిన తరువాత, గాలి తగిలే చోట పని చేయాలి. మూసిన గదిలో ఇంజను నడిపితే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు చేరుతుంది.
* పరీక్షలు హెల్మెట్ ధరించి, రహదారులకు దూరంగా, తోడు ఒకరు ఉండగా చేయాలి.

భారతదేశంలో

పొలారిస్ సంస్థ 2011లో భారతదేశంలో అడుగుపెట్టింది. హిమాచల్ ప్రదేశ్‌లోని సోలంగ్ లోయ వంటి పర్యాటక ప్రదేశాలలో ఏ.టి.వి. సవారీలు జరుగుతాయి. ఇంజనీరింగ్ విద్యార్థులకు ఈ విషయం ఎక్కువగా పరిచయమయ్యేది బాజా ఎస్.ఏ.ఈ. ఇండియా పోటీల ద్వారా. 2007లో మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్ కేంద్రంగా మొదలైన ఈ పోటీలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కళాశాలల జట్లు కూడా పాల్గొంటాయి. పెట్రోలు విభాగంలో జట్లన్నిటికీ ఒకే నమూనా ఇంజను ఉంటుంది, దానిలో శక్తిని పెంచే మార్పులు నిషిద్ధం. కనుక సి.వి.టి. వాడే జట్లకు బరువులు, స్ప్రింగుల ఎంపికే గెలుపోటములను ప్రభావితం చేసే అంశం అవుతుంది.

తెలుగువారి ఇళ్ళలో కనిపించే గేర్లు లేని స్కూటర్లలో కూడా రోలర్లతో కూడిన ఇదే బెల్టు విధానం ఉంది. పాత కార్బురేటర్ స్కూటరుపై విశాఖపట్నం నుండి సుమారు 900 మీటర్ల ఎత్తున గల అరకు లోయకు వెళ్ళినవారికి ఘాటీలో బండి లాగుడు తగ్గినట్లు అనిపిస్తుంది. అక్కడి గాలి సాంద్రత సముద్రతీరం కంటే సుమారు 8 శాతం తక్కువ. ఇంత స్వల్ప తేడాకు జెట్ మార్చవలసిన అవసరం ఉండదు.

ప్రస్తుత స్థితి

2000 దశకం నుండి ఏ.టి.వి.లలో ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్ విధానం వ్యాపించింది. ఇది గాలి పీడనాన్ని, ఉష్ణోగ్రతను కొలిచి పెట్రోలును తానే సర్దుబాటు చేస్తుంది. భారతదేశంలో కూడా 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి రావడంతో కొత్త స్కూటర్లలో కార్బురేటర్ స్థానాన్ని ఇంజెక్షన్ ఆక్రమించింది. అయినప్పటికీ ఇంజెక్షన్ విధానం మిశ్రమాన్ని మాత్రమే సరిచేయగలదు. పలుచని గాలిలో తగ్గిన శక్తిని అది తిరిగి ఇవ్వలేదు. అందువలన ఎత్తయిన ప్రదేశాలలో తిరిగే ఇంజెక్షన్ వాహనాలకు కూడా క్లచ్ బరువుల మార్పు అవసరమవుతూనే ఉంది. కార్బురేటర్ గల పాత వాహనాలకు రెండు సర్దుబాట్లూ నేటికీ వర్తిస్తాయి.

ఇవి కూడా చూడండి

* అంతర్దహన యంత్రం
* కార్బురేటర్
* అపకేంద్ర బలం
* వాతావరణ పీడనం
* స్కూటర్